నిప్పు లేనిదే పొగ రాదా?

పరిశోధకుడి బుద్ధి పుట్టుకతో వచ్చేదా, సాధనతో అబ్బేదా అని అడిగితే న్యాయదర్శనం సాధనవైపే మొగ్గుతుంది. గౌతముడి న్యాయసూత్రాలు మొట్టమొదటి సూత్రంలోనే పదహారు విషయాలు చెప్పి, వాటిని ఉన్నదున్నట్టు తెలుసుకుంటే నిశ్శ్రేయసం, అంటే మోక్షం, కలుగుతుందని అంటాయి. ప్రమాణం (తెలుసుకునే సాధనం), సంశయం, ప్రయోజనం, దృష్టాంతం, తర్కం, నిర్ణయం, వాదం, హేత్వాభాసం వంటివి ఆ పదహారింటిలో ఉన్నాయి. వీటిలో దర్యాప్తు అధికారికి పనికిరానిది ఒక్కటీ లేదు. రెండో సూత్రం ఇంకా సూటిగా సాగుతుంది. దుఃఖానికి మూలం వెతుక్కుంటూ పోతే చివర తేలేది మిథ్యాజ్ఞానం. తప్పుగా తెలుసుకున్నవాడు తప్పుగా ఆశపడతాడు, తప్పుగా ద్వేషిస్తాడు, తప్పు పనులు చేస్తాడు. కాబట్టి సరిగ్గా చూడటం, సరిగ్గా ఊహించడం మోక్షమార్గంలో భాగమే. నేరం ఛేదించే నేర్పుకీ ఆత్మజ్ఞానానికీ ఒకే పునాది వేసిన దర్శనం ఇది.

ఈ శాస్త్రానికి తెలుగువాళ్లతో ఉన్న అనుబంధం చాలామంది అనుకునేదానికన్నా దగ్గరిది. ఏడో శతాబ్దంలో ఆంధ్రదేశానికి వచ్చిన చైనా యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్, వేంగి సమీపంలో ఒంటరిగా ఉన్న ఒక కొండ గురించి రాశాడు. దిఙ్నాగుడు హేతువిద్య మీద గ్రంథం రచించింది అక్కడేనని ఆయన విన్నాడు. బౌద్ధ తర్కానికి రూపం ఇచ్చిన దిఙ్నాగుడి పేరు నేటి ఏలూరు ప్రాంతంతో అలా ముడిపడింది. వెయ్యేళ్లు దాటాక, పదిహేడో శతాబ్దంలో, తెలుగువాడైన అన్నంభట్టు కాశీలో స్థిరపడి తర్కసంగ్రహం రాశాడు. పిల్లలకు సులువుగా బోధపడాలని రాసిన చిన్న పుస్తకం అది. దానికి తనే దీపిక అనే వ్యాఖ్య కూడా చేర్చాడు. దేశమంతటా తర్కం చదివేవాళ్లు ఇప్పటికీ ఆ పుస్తకంతోనే మొదలుపెడతారు. కాశీకి వెళ్లినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాలేడని సంస్కృతంలో సామెతే పుట్టింది.

సాధన చూపుతో మొదలవుతుంది. మనస్సు అణుపరిమాణం కలది, ఒక క్షణంలో ఒక్క ఇంద్రియంతోనే కలుస్తుంది అని నైయాయికులు చెబుతారు. ఒకేసారి రెండు జ్ఞానాలు పుట్టకపోవడమే మనస్సు అనేది ఉందనడానికి గుర్తు అని న్యాయసూత్రం. మనస్సు అణువంత అన్న మాటను ఇవాళ ఎవరూ యథాతథంగా ఒప్పుకోకపోవచ్చు. దాని వెనుక ఉన్న పరిశీలన మాత్రం చెక్కుచెదరలేదు. 1999లో అమెరికా మనస్తత్వవేత్తలు డేనియల్ సైమన్స్, క్రిస్టఫర్ చాబ్రిస్ ఒక ప్రయోగం ప్రచురించారు. తెల్లచొక్కాల ఆటగాళ్లు బంతిని ఎన్నిసార్లు అందించుకున్నారో లెక్కపెట్టమని చూసేవాళ్లకు చెప్పారు. ఆట మధ్యలోంచి గొరిల్లా వేషంలో ఒక మనిషి తాపీగా నడిచి వెళ్లినా సుమారు సగం మంది గమనించలేదు. వాళ్ల కళ్లకు లోపం లేదు. మనసు లెక్క మీద ఉంది.

కాబట్టి అన్నీ గమనించాలన్న సలహా వల్ల ఒరిగేది లేదు, ఎందుకంటే అది ఎవరికీ సాధ్యం కాదు. దేనికోసం చూస్తున్నామో ముందు తెలియాలి. గౌతముడు సంశయాన్నీ ప్రయోజనాన్నీ ప్రమాణం, ప్రమేయం (తెలుసుకోవలసిన విషయం) తర్వాత వెంటనే పెట్టింది ఇందుకే. సందేహం లేనిచోట విచారణ మొదలవదు, ప్రయోజనం తెలియనిచోట చూపు నిలవదు.

ఈ సూత్రం ఆచరణలో ఎలా ఉంటుందో చూడాలంటే హైదరాబాద్‌లో అమీర్‌పేటకూ యూసుఫ్‌గూడకూ మధ్య ఉన్న మధురానగర్ దాకా వెళితే చాలు. పైన జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్. ఇటు పక్కన కృష్ణానగర్. సినిమాల్లో అవకాశం కోసం వచ్చినవాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు, అసిస్టెంట్ డైరెక్టర్లు గదులు పంచుకుని బతికే పేటలివి. వీళ్లలో కంటిన్యుటీ చూసే అసిస్టెంట్ డైరెక్టర్ పని పరిశీలనాభ్యాసానికి దొరికే అతి మంచి నమూనాల్లో ఒకటి.

ఒక సన్నివేశం తీసుకుందాం. కథలో హీరో వీధిలోంచి నడిచి వచ్చి, తలుపు తోసుకుని ఇంట్లోకి అడుగుపెడతాడు. తెర మీద అది నాలుగు సెకన్లు. వీధి భాగం ఒక షెడ్యూల్‌లో నిజమైన కాలనీలో తీస్తారు, ఇంటి లోపలి భాగం నెల తర్వాత స్టూడియోలో వేసిన సెట్‌లో తీస్తారు. ఆ నెల రోజుల దూరాన్ని ప్రేక్షకుడు పసిగట్టకూడదు. బ్యాగు ఏ భుజాన ఉంది, చొక్కా చేతులు ఎంతవరకు మడిచి ఉన్నాయి, వాచీ ఏ చేతికి ఉంది, నుదుటి మీద చెమట ఉందా, తలుపు తోసింది కుడిచేత్తోనా ఎడమచేత్తోనా అన్నవన్నీ కంటిన్యుటీ నోట్సులో ఉండాలి. కొత్తగా చేరినవాడు కనిపించినదంతా రాసుకుంటాడు, అసలైనది వదిలేస్తాడు. నాలుగు సినిమాలు చేసినవాడు ఒకే ఒక్క ప్రశ్నతో చూస్తాడు: ఇందులో తర్వాతి షాట్‌కు మారిపోగలిగేది ఏది? గోడ మారదు. గ్లాసులో టీ మట్టం మారుతుంది, కాలే సిగరెట్టు పొడవు మారుతుంది, గడియారం ముల్లు మారుతుంది. కన్ను అక్కడికే వెళుతుంది. ఇప్పుడు సెల్‌ఫోన్ ఫొటోలు పని తేలిక చేశాయి, కానీ ఏది ఫొటో తీయాలో ఫోను చెప్పదు. ఆ ఎంపిక ఇంకా మనిషిదే.

ప్రత్యక్షాన్ని నైయాయికులు రెండు దశలుగా విడదీశారు. పేరు, జాతి, గుణం ఏవీ కలపకముందు వస్తువు తగిలే తొలి క్షణం నిర్వికల్పకం. ఇది ఫలానాది అని పేరుపెట్టి తెలుసుకోవడం సవికల్పకం. దిఙ్నాగుడు ఇంకా గట్టిగా, కల్పన ఏదీ చేరని జ్ఞానమే ప్రత్యక్షమని, పేరు పెట్టిన మరుక్షణం అది మనం అల్లినదైపోతుందని వాదించాడు. ఈ రెండు మతాల మధ్య శతాబ్దాల పోరు నడిచింది. పరిశోధకుడికి దిఙ్నాగుడి హెచ్చరికే ఎక్కువ పనికొస్తుంది. అతను కంగారుగా ఉన్నాడు అన్నది చూసిన విషయం కాదు, చూసినదానికి పెట్టిన పేరు. అతని చేతులు వణికాయి, రెండుసార్లు నీళ్లు తాగాడు అన్నంతవరకే చూపు సాక్ష్యం. కంగారు అన్న మాట నోట్సులో పడగానే దాని వెనుకే అపరాధం అన్న మాట వచ్చి కూర్చుంటుంది. చేతుల వణుకు జ్వరం వల్ల కూడా వస్తుంది.

ఉన్నదాన్ని చూడటం ఒక ఎత్తయితే, లేనిదాన్ని చూడటం ఇంకో ఎత్తు. ఒక వస్తువు కనిపించకపోవడం వల్ల అది లేదని తెలియడానికి భాట్ట మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధి అని ప్రత్యేక ప్రమాణమే ఒప్పుకున్నారు. అయితే ఒక షరతు ఉంది: ఆ వస్తువు ఉంటే తప్పక కనిపించి ఉండాలి. చీకటి గదిలో కుండ కనిపించకపోతే కుండ లేనట్టు కాదు. ఆర్థర్ కానన్ డాయిల్ 1892లో రాసిన సిల్వర్ బ్లేజ్ కథలో షెర్లాక్ హోమ్స్ చిక్కుముడి విప్పేది ఇలాంటి ఆధారంతోనే. గుర్రం దొంగతనం జరిగిన రాత్రి కుక్క మొరగలేదు; వచ్చినవాడు కొత్తవాడైతే అది మొరిగి ఉండేది; కనుక వచ్చినవాడు దానికి తెలిసినవాడు. ఇందులో చివరి మెట్టు మీమాంసకులకు చిరపరిచితమైన అర్థాపత్తి. లావుగా ఉన్న దేవదత్తుడు పగలు తినడని నిశ్చయంగా తెలిస్తే, రాత్రి తింటున్నాడని ఒప్పుకోక తప్పదు. వేరేలా కుదరని విషయాన్ని కుదిర్చే కల్పన ఇది. నైయాయికులు దీన్ని వేరే ప్రమాణంగా ఒప్పుకోక, గుర్తును బట్టి ఊహించి తెలుసుకునే అనుమాన ప్రమాణంలోనే కలిపేశారు.

ఆ అనుమాన ప్రమాణమే మొత్తం సాధనకు గుండెకాయ. అన్నంభట్టు దాన్ని ఒక మనిషి అనుభవంగా చెబుతాడు. వంటింట్లోనూ మరోచోటా పొగ ఉన్నచోట నిప్పు ఉండటం ఒకడు మళ్లీ మళ్లీ చూశాడు. ఆ రెంటికీ విడదీయరాని సంబంధం, అంటే వ్యాప్తి, ఉందని గ్రహించాడు. కొండ దగ్గరికి వెళ్లాడు. అక్కడ నిప్పు ఉందో లేదో అని సందేహం పుట్టింది. పొగ కనిపించింది. వ్యాప్తి గుర్తొచ్చింది. నిప్పుతో వ్యాప్తి ఉన్న పొగే ఈ కొండ మీద ఉందని రెంటినీ కలిపి తెలుసుకోవడం పరామర్శ. అప్పుడు పుడుతుంది, కొండ మీద నిప్పు ఉందన్న నిశ్చయం. ఇంతవరకు తనకోసం. ఎదుటివాణ్ణి ఒప్పించాలంటే ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అనే ఐదు అవయవాలతో వాక్యం కట్టాలి. కేసు డైరీకీ ఛార్జిషీటుకీ ఉన్న తేడా కూడా ఇలాంటిదే.

ఇదంతా తేలికగా కనిపిస్తుంది. చిక్కంతా వ్యాప్తిలో ఉంది. పొగ ఉంటే నిప్పు ఉంటుంది. నిప్పు ఉంటే పొగ ఉంటుందని మాత్రం చెప్పలేం. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పు ఉంది, పొగ లేదు. నిప్పు పొగ పెట్టాలంటే తడికట్టె కలవాలి. ఆ తడికట్టెను శాస్త్రం ఉపాధి అంటుంది: సంబంధం ఉన్నట్టు కనిపించేలా చేస్తూ చాటున ఉండే మూడో సంగతి. పరిశోధకుడు పడే గోతుల్లో సగం ఈ ఉపాధి తవ్వినవే. మధురానగర్ మెట్రో స్టేషన్‌లో ఒకాయన కాలరు మీద మేకప్ మరక కనిపించిందనుకుందాం. నటుడని తేల్చేయడం సులువు. చుట్టుపక్కల పేటల్ని బట్టి అది నమ్మదగ్గదిగా కూడా ఉంటుంది. కానీ ఆ మరక మేకప్‌మ్యాన్ చొక్కాకూ అంటుతుంది, పెళ్లికూతురు తండ్రి భుజానికీ అంటుతుంది. హోమ్స్ కథల్లో ఊహలు ఎప్పుడూ నిజమవడానికి కారణం మరకలో ఉన్న బలం కాదు, కథ రాసినవాడు మిగతా దారులన్నీ ముందే మూసేయడం. డాయిల్‌కు ఆదర్శమైన ఎడిన్‌బరో వైద్యుడు జోసెఫ్ బెల్ రోగిని చూస్తూనే వృత్తి, ఊరు చెప్పేవాడని ప్రసిద్ధి. ఆయనకు వెంటనే రోగినే అడిగి సరిచూసుకునే వీలుండేది. అమెరికా తాత్వికుడు చార్లెస్ శాండర్స్ పర్స్ ఇలాంటి ఊహకు అబ్డక్షన్ అని పేరు పెట్టి, అది ఏది పరీక్షించాలో చెబుతుందే తప్ప ఏది నిజమో చెప్పదని స్పష్టం చేశాడు. పరిశోధక విద్య మీద వచ్చే పుస్తకాలు చాలావరకు ఈ తేడాను చెరిపేస్తాయి.

తెలుగు పాఠకులకు డిటెక్టివ్ బుద్ధి పరిచయమైంది ప్రధానంగా నవలల్లో. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు ఒక తరం చేత రాత్రులు మేలుకొని చదివించారు. సినిమా ఆ బుద్ధిని ఎక్కువగా హాస్యంగానో సాహసంగానో చూపింది. మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ఆధారంగా జంధ్యాల తీసిన చంటబ్బాయ్ 1986లో వచ్చింది. 2019లో వచ్చిన ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ నెల్లూరు డిటెక్టివ్‌ను హాస్యంతో మొదలుపెట్టి నిజమైన దర్యాప్తు దాకా నడిపించింది. తప్పు ఊహలు చేసి దెబ్బతినే పరిశోధకుణ్ణి చూపినందుకు ఆ సినిమాకు ప్రత్యేకంగా మార్కులు వేయాలి.

ఎందుకంటే న్యాయశాస్త్రం అసలు బలం సరైన ఊహలను మెచ్చుకోవడంలో లేదు, తప్పు హేతువులను వర్గీకరించడంలో ఉంది. తర్కసంగ్రహం హేత్వాభాసాలు ఐదని చెబుతుంది. మేకప్ మరకలా, సాధించాల్సినది లేనిచోట కూడా కనిపించే హేతువు సవ్యభిచారం. చెప్పదలచుకున్నదానికి సరిగ్గా ఎదురైనదాన్నే నిరూపించేది విరుద్ధం. అంతకన్నా బలమైన ప్రమాణం ముందే కొట్టేసినది బాధితం. మిగిలిన రెండింటి దగ్గర కాస్త ఆగాలి.

ఒకటి అసిద్ధం: హేతువే అక్కడ లేకపోవడం. నిప్పు లేనిదే పొగ రాదని ఊళ్లో ప్రతి పుకారుకూ సామెత చెబుతారు. సామెతలోని వ్యాప్తి నిజమే. అడగాల్సింది వేరే: కొండ మీద కనిపించేది పొగేనా, మంచా, లేచిన దుమ్మా? పదిమంది అనుకుంటున్నారు అన్నది పొగ కాదు. మనిషి పరువు తీసే మాటల్లో ఎక్కువ భాగం ఈ మెట్టు దగ్గరే ఆగిపోవాల్సినవి. రెండోది సత్ప్రతిపక్షం: ఎదుటి నిర్ణయానికి కూడా అంతే బలమైన హేతువు ఉండటం. దాన్ని వెతకాల్సిన బాధ్యత ఎదుటివాడిది కాదు, ఊహ చేసినవాడిదే. తన ఊహకు వ్యతిరేకంగా ఉన్నదాన్ని తనే పోగుచేసుకోలేని మనిషి ఎంత సూక్ష్మంగా చూసినా లాభం లేదు, ఆ సూక్ష్మత అంతా ఒకే వైపు సాక్ష్యం కూడబెడుతుంది.

భారత న్యాయస్థానాలు ఇదే కొలతను తమ దారిలో చేరుకున్నాయి. కళ్లారా చూసిన సాక్షి లేక, పరిస్థితుల సాక్ష్యం మీదే నిలబడే కేసుల కోసం 1984లో సుప్రీంకోర్టు ఐదు నియమాలు చెప్పింది. లాయర్లు వాటిని పంచశీల అంటారు. ప్రతి పరిస్థితీ సంపూర్ణంగా రుజువు కావాలి. అవి నిందితుడి నేరంతోనే పొసగాలి. నిర్ణాయకంగా ఉండాలి. అతను దోషి అన్నది తప్ప మరే ఊహకూ తావివ్వకూడదు. గొలుసులో ఒక్క కొక్కీ కూడా తెగకూడదు. అన్నంభట్టు చదివితే మొదటి నియమంలో అసిద్ధాన్నీ, నాలుగోదాంట్లో సవ్యభిచారాన్నీ గుర్తుపట్టేవాడు.

ఈ కొలత తప్పితే ఏమవుతుందో తెలుగునాట అందరికీ తెలిసిన ఉదాహరణ ఉంది. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలోని ఒక హాస్టల్‌లో ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. మరుసటి ఏడాది ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు. 2010లో కింది కోర్టు శిక్ష వేసింది. 2017లో హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసింది. అప్పటికి సుమారు ఎనిమిదేళ్లు అతను జైల్లో గడిపాడు. కూతుర్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులే అతను దోషి అని మొదటినుంచీ నమ్మలేదు. 2018లో హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. ఒక హేత్వాభాసం ఎనిమిదేళ్ల జీవితం ఖరీదు చేయగలదు. మిథ్యాజ్ఞానమే దుఃఖానికి మూలమన్న రెండో సూత్రాన్ని ఈ వెలుగులో చదివితే అందులో అతిశయోక్తి కనిపించదు.

ఇంత పకడ్బందీగా కట్టిన ప్రమాణశాస్త్రాన్ని పునాదిలోనే ప్రశ్నించినవాడు నాగార్జునుడు. నాగార్జునకొండతో, శ్రీపర్వతంతో సంప్రదాయం ముడిపెట్టిన ఆ ఆచార్యుడు విగ్రహవ్యావర్తనిలో అడిగాడు: వస్తువులు ప్రమాణాల వల్ల తెలుస్తాయి సరే, ఆ ప్రమాణాలు సరైనవని దేనివల్ల తెలుస్తుంది? ఇంకో ప్రమాణం వల్ల అంటే దానికి మరొకటి కావాలి; ఆ వరసకు అంతం లేదు. తనంతట తానే తెలుస్తుందంటే, మిగతా వస్తువులకు మాత్రం ప్రమాణం ఎందుకు? ఇదే ఆక్షేపణకు న్యాయసూత్రాల రెండో అధ్యాయం ఇచ్చే జవాబు త్రాసు. త్రాసుతో బంగారం తూస్తాం. త్రాసు మీద అనుమానం వస్తే, తెలిసిన బరువుతో త్రాసునే పరీక్షిస్తాం. ఒకప్పుడు కొలిచేది, మరొకప్పుడు కొలవబడేది కావచ్చు. నాగార్జునుడి ప్రశ్న దీంతో పూర్తిగా తీరిందని చెప్పలేం. ఆచరణలో నిలబడే మనిషికి మాత్రం ఈ జవాబు చాలు. కన్ను, జ్ఞాపకం, అనుభవం వేటినీ గుడ్డిగా నమ్మనక్కర్లేదు, అన్నింటినీ ఒకేసారి తోసిపుచ్చనూ అక్కర్లేదు. అనుమానం వచ్చినప్పుడు వచ్చినదాన్ని పరీక్షకు పెట్టాలి. ఏళ్ల అనుభవం ఉన్న అధికారి తన మొదటి ఊహనే త్రాసులో వేయడానికి ఒప్పుకోవడం ఈ విద్యలో అన్నిటికన్నా కష్టమైన పాఠం.

ఆ ఒప్పుకోలుకు అడ్డం వచ్చేది తెలివి తక్కువ కావడం కాదు. రాగం, ద్వేషం, మోహం అనే మూడు దోషాలు చూపును వంచుతాయని న్యాయసూత్రాలు చెబుతాయి. మొదటి ఊహ మీద మమకారం రాగం. నచ్చని మనిషి మీద నేరం త్వరగా అతుక్కోవడం ద్వేషం. లేనిది ఉన్నట్టు తోచడం మోహం. మూడింటిలో మోహమే అన్నిటికన్నా చెడ్డదని, అది లేకపోతే మిగతా రెండూ పుట్టవని గౌతముడి తీర్పు. సత్యం తేల్చుకోవడానికి చేసే వాదాన్ని, గెలవడానికి చేసే జల్పాన్ని, తన పక్షమంటూ ఏమీ పెట్టకుండా ఎదుటివాణ్ణి పడగొట్టే వితండాన్ని ఆయన వేరుచేసింది కూడా ఈ దోషాల మీద నిఘా కోసమే అనిపిస్తుంది. టీవీ చర్చల్లో నేరాన్ని గంటలో తేల్చేసే అలవాటు వాదం కింద రాదు.

తర్కసంగ్రహం ఇవాళ సంస్కృత విభాగాల సిలబస్‌లో, పరీక్ష కోసం కంఠస్థం చేసే పుస్తకంగా మిగిలింది. హేత్వాభాసాల భాగం కొద్ది పేజీలకు మించదు. కొండ, వంటిల్లు ఉదాహరణల పక్కన ఇప్పటి కేసులు పెట్టి మంచి తెలుగులో దాన్ని చెప్పగలిగే పండితులు ఇంకా ఉన్నారు. పోలీసు శిక్షణ కళాశాలలు, జర్నలిజం విభాగాలు, ఫిల్మ్ స్కూళ్లు వాళ్లను పిలిచి ఆ కొద్ది పేజీలు చెప్పించాలి.